రాజ్యాంగంలో రాసి ఉన్నదే రాజ్యాంగానికి విరుద్ధం కావచ్చా?

మీరు అడిగినవి మూడు. రాజ్యాంగం ఉన్న ప్రతి దేశంలోనూ రాజ్యాంగబద్ధ పాలన ఉన్నట్టేనా? పరిమిత ప్రభుత్వం అంటే తక్కువ పనులు చేసే చిన్న ప్రభుత్వమా? జనమే ఓట్లేసి భారీ మెజారిటీతో గెలిపించిన ప్రభుత్వానికి మళ్లీ ఈ హద్దులెందుకు? పోటీ పరీక్షకు చదువుతున్నానని, నిర్వచనం బట్టీ పట్టినా విషయం మనసుకు పట్టడం లేదని కూడా రాశారు.

నేను హైదరాబాద్‌లో ముప్పై ఏళ్లకు పైగా ఉద్యోగుల సర్వీసు కేసులు వాదించాను. ఈ మూడు ప్రశ్నలకూ జవాబు ఒకే ఒక్క క్లాజులో దొరుకుతుందని నా నమ్మకం. అది మన తెలుగువాళ్ల కోసమే రాజ్యాంగంలో చేర్చిన క్లాజు. అందుకని నిర్వచనం పక్కన పెట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

1969లో తెలంగాణ ఉద్యమం, 1972లో జై ఆంధ్ర ఉద్యమం వచ్చాయి. ఉద్యోగాల్లో, చదువుల్లో స్థానికులకు ఎంత అన్న పేచీ రెండింటిలోనూ ఉంది. 1973లో ఆరు సూత్రాల పథకం కుదిరింది. దాన్ని అమలు చేయడానికి పార్లమెంటు 32వ సవరణ చేసి రాజ్యాంగంలో 371-డి అధికరణాన్ని చేర్చింది. జోన్లు, లోకల్ కేడర్లు, స్థానిక అభ్యర్థి అన్న మాటలన్నీ అక్కడి నుంచి పుట్టినవే కాబట్టి మీరు ఈ అధికరణాన్ని చదివే ఉంటారు. అందులోనే, ప్రభుత్వ ఉద్యోగుల నియామకాలు, సీనియారిటీ, పదోన్నతుల తగాదాలు తేల్చడానికి ఒక అడ్మినిస్ట్రేటివ్ ట్రిబ్యునల్ పెట్టే వీలు కల్పించారు. హైకోర్టుకు ఆ కేసులతో పని లేకుండా చేశారు.

చాలామంది చదవకుండా దాటేసేది అయిదో క్లాజు. ట్రిబ్యునల్ తుది ఉత్తర్వు ఇచ్చిన వెంటనే అది అమల్లోకి రాదు. రాష్ట్ర ప్రభుత్వం దాన్ని ధ్రువీకరించాలి, లేదా మూడు నెలలు గడవాలి. ఏది ముందైతే అప్పుడు అమలు. ఇక్కడితో ఆగినా సరే అనుకోవచ్చు. కానీ దాని కింద ఒక మినహాయింపు ఉంది: ఆ గడువు లోపల రాష్ట్ర ప్రభుత్వం కారణాలు రాసి ఒక ప్రత్యేక ఉత్తర్వు జారీ చేసి, ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును మార్చవచ్చు, లేదా పూర్తిగా రద్దు చేయవచ్చు.

ఇప్పుడు ఒక్క విషయం ఆలోచించండి. ఆ ట్రిబ్యునల్ ముందు నడిచే కేసుల్లో ప్రతివాది ఎవరు? రాష్ట్ర ప్రభుత్వమే. గుమాస్తాకు పదోన్నతి ఇవ్వనిది ప్రభుత్వం. అతను కేసు వేసింది ప్రభుత్వం మీద. అతను గెలిస్తే, ఆ గెలుపు చెల్లుతుందో లేదో చెప్పేది కూడా ప్రభుత్వమే. ఊళ్లో ఇద్దరు రైతులు గట్టు తగాదా పెద్దమనుషుల ముందు పెట్టారనుకోండి. పెద్దమనుషులు ఇద్దరి మాటా విని, గట్టు కొలిచి తీర్పు చెప్పాక, ఓడిన రైతు లేచి "ఈ తీర్పును నేను రద్దు చేస్తున్నాను" అంటే, ఆ మాటే చెల్లితే, ఇక ఆ రచ్చబండ ఎందుకు?

నేను జూనియర్‌గా చేరినప్పుడు మా సీనియర్ నా చేత మొదట చదివించింది ఈ క్లాజునే. చదివాక ఆయన అడిగారు: "ఇందులో చట్టవిరుద్ధం ఏముందో చెప్పు." నేను వెతికాను, దొరకలేదు. దొరకదు కూడా. ఎందుకంటే అది దొంగచాటుగా వచ్చింది కాదు. పార్లమెంటు ఉభయ సభల్లో కావలసిన మెజారిటీతో, పద్ధతి ప్రకారం ఆమోదం పొంది రాజ్యాంగంలో చేరింది. ఏ మామూలు చట్టంతో పోల్చినా పై మెట్టు మీద ఉంది. అది రాజ్యాంగానికి విరుద్ధం అనడానికి లేదు, అదే రాజ్యాంగం.

అయినా 1986 డిసెంబరులో పి. సాంబమూర్తి వర్సెస్ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కేసులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. తీర్పు సారాంశం ఇది: పాలకులు చట్టానికి లోబడి పనిచేయాలి, లోబడ్డారో లేదో తేల్చే అధికారం న్యాయస్థానాలకు ఉండాలి, కేసులో ఒక పక్షంగా ఉన్న ప్రభుత్వమే తనకు వ్యతిరేకంగా వచ్చిన తీర్పును తుడిచేయగలిగితే ఆ న్యాయ సమీక్షకు విలువే లేదు, అలాంటి అధికారం ప్రభుత్వానికి ఇవ్వడం రాజ్యాంగ సవరణ ద్వారా కూడా కుదరదు. మినహాయింపు లేకుండా మిగతా క్లాజుకు అర్థం లేదు కాబట్టి మొత్తం అయిదో క్లాజూ పోయింది.

రాజ్యాంగానికీ రాజ్యాంగబద్ధ పాలనకూ తేడా నాకు ఆ రోజు అర్థమైంది. రాజ్యాంగం ఒక పత్రం. రాజ్యాంగబద్ధ పాలన, అంటే మీ పుస్తకంలో రాజ్యాంగవాదం అని ఉన్నది, ఆ పత్రం వెనక ఉండాల్సిన కట్టుబాటు: అధికారం ఎవరి చేతిలో ఉన్నా దానికి ఒక గట్టు ఉండాలి, ఆ గట్టు ఎక్కడుందో చెప్పే పని అధికారం ఉన్నవాడి చేతిలో ఉండకూడదు. పత్రంలో ఈ కట్టుబాటు నిండుగా ఉండవచ్చు, సగమే ఉండవచ్చు, అసలు లేకపోనూ వచ్చు. సోవియట్ యూనియన్ 1936 రాజ్యాంగంలో వాక్ స్వాతంత్ర్యం ఉంది, పత్రికా స్వాతంత్ర్యం ఉంది, సభలు పెట్టుకునే హక్కు ఉంది. ఆ మరుసటి రెండేళ్లలోనే లక్షల మందిని నామమాత్రపు విచారణలతో కాల్చి చంపారు. అక్కడ లోపించింది కాగితం కాదు. స్టాలిన్‌కు "ఇది నీ హద్దు కాదు" అని చెప్పి ఆ రాత్రి ఇంట్లో నిద్రపోగల న్యాయమూర్తి, సంపాదకుడు, శాసనసభ్యుడు ఒక్కరూ లేరు. ఇంగ్లండ్‌కు ఇవాళ్టికీ ఒకే పుస్తకంగా రాసుకున్న రాజ్యాంగం లేదు. కానీ అక్కడ ప్రభుత్వం కోర్టులో ఓడిపోతుంది, ఓడిపోయాక తీర్పును పాటిస్తుంది.

మనకో సామెత ఉంది: రాజు తలచుకుంటే దెబ్బలకు కొదవా. వందల ఏళ్ల అనుభవం నుంచి వచ్చిన మాట అది. రాజు దేని ప్రకారం తలచుకున్నాడు, కొట్టమని చెప్పే హక్కు అతనికి ఎవరిచ్చారు అన్న ప్రశ్నకు ఆ సామెతలో చోటే లేదు. రాజ్యాంగబద్ధ పాలన మొదలయ్యేది సరిగ్గా ఆ ప్రశ్న దగ్గరే.

ఆ ప్రశ్న కోర్టులో సూటిగా వినిపించిన పాత కేసు ఒకటి చెబుతాను. 1762లో లండన్‌లో జాన్ ఎంటిక్ అనే రచయిత ఇంట్లోకి రాజోద్యోగులు చొరబడ్డారు. బీరువాలు, పెట్టెలు పగలగొట్టి, నాలుగు గంటల పాటు వెతికి, అతని కాగితాలు పట్టుకుపోయారు. వాళ్ల చేతిలో మంత్రి సంతకం ఉన్న వారంటు ఉంది. ఎంటిక్ వాళ్ల మీద దావా వేశాడు. రాజ్య క్షేమం కోసం చేశామని, ఎప్పటి నుంచో ఇలాగే చేస్తున్నామని వాళ్ల వాదన. 1765లో ప్రధాన న్యాయమూర్తి క్యామ్‌డెన్ ఇచ్చిన జవాబు ఏమిటంటే, ఇలాంటి అధికారం చట్టంలో ఉంటే అది మన పుస్తకాల్లో కనబడాలి. కనబడలేదు కాబట్టి అది చట్టం కాదు. ఎంటిక్ గెలిచాడు.

ఆ వాదన తిరిగిన తీరు చూడండి. ఎంటిక్ తాను ఏ తప్పూ చేయలేదని నిరూపించుకోనక్కర్లేదు. తమకు ఆ అధికారం ఉందని నిరూపించుకోవలసింది ఇంట్లోకి వచ్చినవాళ్లు. పౌరుడు చట్టం వద్దన్నది తప్ప ఏదైనా చేయవచ్చు. ప్రభుత్వం చట్టం చేయమన్నది తప్ప ఏదీ చేయకూడదు. ఈ రెండు వాక్యాలూ పక్కపక్కన రాసుకుని గుర్తుంచుకోండి, పరిమిత ప్రభుత్వం సగం అర్థమైనట్టే.

మన రాజ్యాంగంలో ఇదే సూత్రం ఎన్నో చోట్ల కనిపిస్తుంది. చట్టం ఆధారం లేకుండా పన్ను వేయడానికీ వసూలు చేయడానికీ వీల్లేదని 265 చెబుతుంది. చట్టం ఆధారం లేకుండా ఎవరి ఆస్తినీ లాక్కోకూడదని 300-ఎ చెబుతుంది. చట్టం నిర్దేశించిన పద్ధతిలో తప్ప ఎవరి ప్రాణాన్నీ స్వేచ్ఛనూ హరించకూడదని 21 చెబుతుంది. ప్రాథమిక హక్కులకు విరుద్ధంగా చేసిన చట్టం చెల్లదని 13 చెబుతుంది. మామూలుగా వీటిని హక్కుల జాబితాగా చదువుతాం. ప్రభుత్వం వైపు నిలబడి చదవండి, ప్రతి ఒక్కటీ "ఇక్కడ ఆగు" అనే మాటే.

నా దగ్గరకు ఒకసారి ఒక శాఖలో పనిచేసే అటెండరు వచ్చాడు. పద్దెనిమిదేళ్ల సర్వీసు. రెండు వాక్యాల మెమోతో తీసేశారు. షోకాజ్ నోటీసు లేదు, విచారణ లేదు, ఆరోపణ ఏమిటో కూడా రాయలేదు. అతను నిజంగా తప్పు చేశాడా లేదా అన్నది ఈ రోజుకీ నాకు తెలియదు. మా కేసులో ఆ ప్రశ్నే రాలేదు. 311వ అధికరణం ప్రకారం ఆరోపణలు చెప్పి, అతని మాట వినే అవకాశం ఇచ్చి, విచారణ జరిపాకే తీసేయాలి. అదేదీ జరగలేదు కాబట్టి మెమో నిలవలేదు. తర్వాత వాళ్లు పద్ధతి ప్రకారం విచారణ పెట్టుకోవచ్చు అని కూడా అదే ఉత్తర్వులో ఉంది. ఆ శాఖ అధికారి బయట నాతో బాధగానే అన్నాడు: "మరి మా చేతులు కట్టేసినట్టే కదండీ." కట్టలేదు. ఏ దారిన వెళ్లాలో చెప్పారు, అంతే.

మీ రెండో ప్రశ్నకు జవాబు కూడా అందులోనే ఉంది. పరిమిత ప్రభుత్వం అంటే చిన్న ప్రభుత్వం కాదు. పన్నులు తగ్గించి, సంక్షేమం మానేసి, అన్నీ ప్రైవేటుకు వదిలేసే ప్రభుత్వం అని కొందరు రాస్తుంటారు. అది ఆర్థిక విధానం గురించిన వాదన, ఇష్టం ఉన్నవాళ్లు చేసుకోవచ్చు, కానీ మాట వేరు. ప్రభుత్వం కిలో బియ్యం రెండు రూపాయలకు ఇవ్వవచ్చు, భూమి గరిష్ఠ పరిమితి పెట్టవచ్చు, ప్రాజెక్టు కోసం ఊళ్లకు ఊళ్లు సేకరించవచ్చు. 2013 భూసేకరణ చట్టం భూమి తీసుకోవద్దు అనలేదు. సామాజిక ప్రభావం అంచనా వేయమంది, ప్రైవేటు కంపెనీ కోసమైతే 80 శాతం మంది, ప్రభుత్వ ప్రైవేటు భాగస్వామ్యమైతే 70 శాతం మంది అంగీకారం తీసుకోమంది, పరిహారం, పునరావాసం చూడమంది. అలాగే 2024 నవంబరులో బుల్డోజర్ కూల్చివేతల మీద ఇచ్చిన తీర్పులో సుప్రీంకోర్టు అక్రమ కట్టడాలను తొలగించవద్దు అనలేదు. కనీసం పదిహేను రోజుల నోటీసు ఇవ్వమంది, యజమాని మాట వినమంది. ఒక మనిషి మీద నేరారోపణ ఉందన్న కారణంతో అతని ఇల్లు కూల్చడం, పాలనాధికారులే న్యాయమూర్తులై శిక్ష వేయడమేనని చెప్పింది. ఎంత పెద్ద పనైనా చేయగల ప్రభుత్వం, చేసే తీరుకు జవాబుదారీగా ఉండటమే పరిమితి. నిజానికి ఎంత ఎక్కువ పనులు చేస్తే అంత గట్టి హద్దులు కావాలి. రేషన్ కార్డు నుంచి పెన్షన్ దాకా ప్రభుత్వం చేతిలో ఉన్నప్పుడు, దాని ఒక్క సంతకం పేదవాడి పొయ్యిని ఆర్పేయగలదు.

ఇక మూడోది, అసలైన ప్రశ్న. జనం గెలిపించిన ప్రభుత్వాన్ని జనం ఎన్నుకోని జడ్జీలు ఆపడం ఏమిటి? మీరు అడగడంలో తప్పేమీ లేదు. మన దేశం ఈ ప్రశ్నతో పాతికేళ్లు కుస్తీ పట్టింది.

1965లో బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో డీట్రిష్ కాన్రాడ్ అనే జర్మన్ ఆచార్యుడు ఒక ఉపన్యాసం ఇచ్చాడు. రాజ్యాంగాన్ని సవరించే అధికారానికి హద్దు లేదంటే, మూడింట రెండు వంతుల మెజారిటీతో 21వ అధికరణాన్ని మార్చి, చట్టం లేకుండానే మనిషి ప్రాణం తీయవచ్చని రాసుకోవచ్చా అని అడిగాడు. మనకు అది ఊహ. ఆయనకు ఊహ కాదు. 1933 మార్చిలో జర్మన్ పార్లమెంటు తన చట్టాలు చేసే అధికారాన్ని మెజారిటీ ఓటుతోనే హిట్లర్ మంత్రివర్గానికి అప్పగించింది. అప్పటి జర్మనీ రాజ్యాంగమైన వైమార్ రాజ్యాంగాన్ని ఎవరూ లాంఛనంగా రద్దు కూడా చేయలేదు, అది పుస్తకంలో అలాగే ఉండిపోయింది. అందుకే యుద్ధం తర్వాత 1949లో రాసుకున్న తమ మౌలిక చట్టంలో, మనిషి గౌరవాన్నీ ప్రజాస్వామ్య స్వరూపాన్నీ ఏ సవరణతోనూ తాకకూడదని జర్మన్లు ముందే రాసుకున్నారు.

కాన్రాడ్ వాదన రెండేళ్లకు సుప్రీంకోర్టులో గోలక్‌నాథ్ కేసులో వినిపించింది. అప్పుడు ప్రధాన న్యాయమూర్తి మన రాజమండ్రిలో పుట్టిన కోకా సుబ్బారావు. 1967 ఫిబ్రవరిలో ఆరుగురు అటు, అయిదుగురు ఇటుగా వచ్చిన తీర్పులో, ప్రాథమిక హక్కులను తగ్గించే సవరణ ఏదీ చేసే అధికారం పార్లమెంటుకు లేదని చెప్పారు. అది అతి అని నా అభిప్రాయం. హక్కుల్లో ఒక్క అక్షరం కూడా కదపకూడదంటే భూసంస్కరణలు ముందుకు సాగవు. 1973 ఏప్రిల్ 24న కేశవానంద భారతి కేసులో పదమూడు మంది న్యాయమూర్తుల ధర్మాసనం దీన్ని సరిదిద్దింది: ఏ అధికరణాన్నయినా సవరించవచ్చు, కానీ రాజ్యాంగ మౌలిక స్వరూపాన్ని చెరపకూడదు. ఏడుగురు అటు, ఆరుగురు ఇటు. ఆ ఏడుగురిలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా చేసి వెళ్లిన పి. జగన్మోహన్ రెడ్డి ఒకరు. తీర్పు వచ్చిన వెంటనే, ప్రభుత్వానికి వ్యతిరేకంగా తీర్పిచ్చిన ముగ్గురు సీనియర్లను దాటేసి వేరొకరిని ప్రధాన న్యాయమూర్తిని చేశారు. హద్దు గీసినవాళ్లకు ఏమవుతుందో దేశమంతా చూసింది.

రెండేళ్లకు ఎమర్జెన్సీ వచ్చింది. అది కూడా రాజ్యాంగంలోని 352వ అధికరణం కిందే వచ్చింది. లక్ష మందికి పైగా జనాన్ని విచారణ లేకుండా జైల్లో పెట్టారు. ప్రధానమంత్రి ఎన్నిక చెల్లదన్న హైకోర్టు తీర్పు ఉండగా, ప్రధాని ఎన్నికను ఏ కోర్టూ ప్రశ్నించకూడదని 39వ సవరణ చేశారు. మా సాంబమూర్తి క్లాజుకు అక్కలాంటిది ఇది. తన కేసు తానే కొట్టేసుకోవడం. 1975 నవంబరులో సుప్రీంకోర్టు ఆ భాగాన్ని కొట్టేసింది. ఎన్నికను మాత్రం సమర్థించింది.

తర్వాత వచ్చింది జబల్పూర్ ఏడీఎం కేసు. అక్రమంగా నిర్బంధించారంటూ హెబియస్ కార్పస్, అంటే నిర్బంధంలో ఉన్న మనిషిని కోర్టు ముందు నిలబెట్టమనే పిటిషన్, వేయవచ్చని తొమ్మిది హైకోర్టులు చెప్పాయి. సుప్రీంకోర్టులో వాదనల సమయంలో జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా అటార్నీ జనరల్‌ను ఒక ప్రశ్న అడిగారు: ఒక పోలీసు అధికారి వ్యక్తిగత కక్షతో ఒకరిని చంపేస్తే, అప్పుడైనా కోర్టు ఏమీ చేయలేదా? ఎమర్జెన్సీ ఉన్నంత కాలం చేయలేదన్నదే జవాబు. 1976 ఏప్రిల్ 28న అయిదుగురిలో నలుగురు ఆ వాదననే ఒప్పుకున్నారు. ఖన్నా ఒక్కరే ఒప్పుకోలేదు. మరుసటి ఏడాది జనవరిలో ప్రధాన న్యాయమూర్తి పదవి ఆయనకు రావలసింది, జూనియర్‌కు ఇచ్చారు. ఆయన రాజీనామా చేశారు. ఇప్పుడు సుప్రీంకోర్టు రెండో నంబరు కోర్టు హాల్లో ఆయన చిత్రపటం ఉంది.

ఆ నలుగురిలో ఒకరు పి.ఎన్. భగవతి. పదేళ్ల తర్వాత మన సాంబమూర్తి తీర్పు రాసింది ఆయనే. చివరి రోజుల్లో ఎమర్జెన్సీ నాటి ఆ తీర్పు తప్పని బహిరంగంగా ఒప్పుకున్నారు. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, హద్దు గీసే న్యాయమూర్తి కూడా మనిషే. భయం, మొహమాటం, కాలం ఒత్తిడి అతని మీదా పనిచేస్తాయి. కోర్టు ఉంది కదా అని నిశ్చింతగా ఉండటానికి లేదు.

మెజారిటీ గురించి మీ ప్రశ్నకు నాకు తెలిసిన సూటి జవాబు ఇది. ఎమర్జెన్సీ పెట్టిన ప్రభుత్వానిది 1971లో జనం ఇచ్చిన భారీ మెజారిటీయే. 1977లో అదే జనం దాన్ని ఓడించారు. ఓడించగలిగింది ఎన్నికలు జరిగాయి కాబట్టి. హద్దులు లేని మెజారిటీ చేతిలో మొదట పోయేది, రేపు వేరే మెజారిటీ ఏర్పడే అవకాశమే. పత్రికల మీద సెన్సారు, ప్రతిపక్ష నాయకులు జైల్లో, లోక్‌సభ గడువు పొడిగింపు, అన్నీ చట్టం ప్రకారమే జరిగాయి. ఈ రోజు ఓడిపోయిన పక్షం రేపు గెలవడానికి కావలసిన దారులను తెరిచి ఉంచేవి ఆ హద్దులే. అవి జనం నిర్ణయానికి అడ్డు అని నేను అనుకోను. జనం మళ్లీ మళ్లీ నిర్ణయించుకోవడానికి అవే ఆధారం.

తర్వాత జరిగింది త్వరగా చెబుతాను. 42వ సవరణ పార్లమెంటు సవరణాధికారానికి ఏ హద్దూ లేదని రాసుకుంటే, 1980లో మినర్వా మిల్స్ కేసులో అది పోయింది. పరిమితమైన అధికారం ఉన్నవాడు ఆ అధికారాన్ని వాడుకునే దాన్ని అపరిమితం చేసుకోలేడన్నది అందులోని తర్కం. అంతకు ముందే 1978లో 44వ సవరణ, ఎమర్జెన్సీ పెట్టడానికి "అంతర్గత కల్లోలం" అన్న కారణాన్ని తీసేసి "సాయుధ తిరుగుబాటు" అని మార్చింది. 20, 21 అధికరణాలను ఎమర్జెన్సీలో కూడా నిలిపివేయకూడదని చెప్పింది. అంటే పార్లమెంటు తన చేతులకు తానే హద్దు గీసుకుంది. దీన్ని మనం తక్కువగా తలుచుకుంటాం. ఇది కోర్టు చేసిన పని కాదు, ఎన్నికైనవాళ్లు చేసిన పని. జబల్పూర్ తీర్పు మాత్రం 2017 ఆగస్టులో, గోప్యత హక్కు కేసులో తొమ్మిది మంది ధర్మాసనం చెప్పేదాకా లాంఛనంగా రద్దు కాలేదు. అదే తీర్పు, 1962 నాటి ఖరక్ సింగ్ కేసులో కోకా సుబ్బారావు రాసిన మైనారిటీ తీర్పును కూడా సరైనదని నిలబెట్టింది. దోపిడీ కేసులో సాక్ష్యం లేక వదిలేసిన మనిషి మీద పోలీసులు నిఘా పెడితే, అది అతని స్వేచ్ఛకే భంగమని, గోప్యత ఆ స్వేచ్ఛలో భాగమని ఆయన అప్పుడే రాశారు. యాభై అయిదేళ్లు పట్టింది.

హద్దులన్నీ కోర్టుల్లో తేలేవి కూడా కావు. 1984 ఆగస్టు 16న గవర్నర్ రాంలాల్ ఎన్టీ రామారావు ప్రభుత్వాన్ని బర్తరఫ్ చేసి నాదెండ్ల భాస్కరరావు చేత ప్రమాణం చేయించారు. మెజారిటీ ఎవరిదో సభలో తేల్చమంటే వినలేదు. గవర్నర్ ఇష్టం ఉన్నంత కాలం మంత్రులు పదవిలో ఉంటారని 164లో ఉంది కదా, అక్షరం చూస్తే ఆయన చేసింది సరే అనిపించవచ్చు. కానీ ఆ "ఇష్టం" సభ విశ్వాసానికి మరో పేరు మాత్రమే అన్న సంప్రదాయం మీద పార్లమెంటరీ పాలన నిలబడి ఉంది. ఆ నెల రోజులూ జనం రోడ్ల మీదే ఉన్నారు, ఎమ్మెల్యేలు రాష్ట్రపతి ముందు హాజరయ్యారు, గవర్నర్ మారారు, సెప్టెంబరు 16న ఎన్టీఆర్ మళ్లీ ప్రమాణం చేశారు. మెజారిటీని తేల్చవలసింది రాజ్‌భవన్‌లో కాదు, సభలో అని 1994లో బొమ్మై కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అది రాష్ట్రపతి పాలన పెట్టే 356వ అధికరణం కింద వచ్చిన వేరే కేసు. మన దగ్గర మాత్రం ఆ పాఠం పదేళ్ల ముందే వీధుల్లో నేర్చుకున్నారు.

అక్షరాన్ని పాటిస్తూ ఆత్మను చంపడం ఎలా ఉంటుందో చూడాలంటే బిహార్ ఆర్డినెన్సుల కేసు చదవండి. సభ జరగనప్పుడు అత్యవసరమైతే గవర్నర్ ఆర్డినెన్స్, అంటే తాత్కాలిక చట్టం, ఇవ్వవచ్చు. బిహార్‌లో 1967 నుంచి 1981 దాకా 256 ఆర్డినెన్సులు ఇచ్చి, గడువు తీరగానే మళ్లీ మళ్లీ జారీ చేస్తూ పోయారు. కొన్నిటిని అలా పద్నాలుగేళ్ల దాకా బతికించారు. శాసనసభ ఉంది, చట్టాలు మాత్రం సభకు రావు. డి.సి. వాధ్వా అనే అర్థశాస్త్ర ఆచార్యుడు లెక్కలు తీసి కోర్టుకెక్కితే, ఇది రాజ్యాంగాన్ని మోసం చేయడమేనని సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు కూడా సాంబమూర్తి తీర్పు వచ్చిన నెలలోనే వచ్చింది. రాజ్యాంగ నైతికత మనకు సహజంగా అబ్బేది కాదు, అలవరచుకోవాలి అని అంబేద్కర్ 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో హెచ్చరించారు. ఆయన భయపడింది ఇలాంటి తెలివితేటల గురించే.

ఒక అభ్యంతరం మిగిలింది, దాన్ని దాటవేస్తే మీకు అన్యాయం చేసినట్టు. అందరికీ హద్దు గీసే కోర్టుకు హద్దెవరు గీస్తారు? కంచే చేను మేస్తే? 1993 నుంచి ఉన్నత న్యాయమూర్తుల నియామకంలో చివరి మాట న్యాయమూర్తులదే. దాన్ని మార్చడానికి పార్లమెంటు 99వ సవరణ చేస్తే 2015లో అదే కోర్టు కొట్టేసింది. మంత్రి చేతిలో నియామకాలు పెడితే ఏమవుతుందో 1973, 1977 చూపించాయి కాబట్టి ఆ భయం నాకు అర్థమవుతుంది. కానీ తన కేసులో తానే తీర్పరి కాకూడదన్న సూత్రాన్ని నా జీవితమంతా ప్రభుత్వాల మీద వాడినవాణ్ని. కోర్టు దగ్గరికొచ్చేసరికి దాన్ని జేబులో పెట్టుకోలేను. నియామకాలకు కారణాలు రాసి బయటపెట్టడం, వాటిపై బయటివాళ్ల పరిశీలన ఉండటం అవసరమని నా గట్టి అభిప్రాయం. మా వృత్తిలో దీనికి ఒప్పుకోనివాళ్లు చాలామంది ఉన్నారు.

మా ట్రిబ్యునల్ కథకు కూడా కొసమెరుపు ఉంది. అయిదో క్లాజు పోయినా, ఆ కేసుల్లో హైకోర్టుకు వెళ్లే దారి మాత్రం చాలా ఏళ్లు మూసే ఉంది. మారుమూల ఊళ్లో టీచరు ఓడిపోతే ఢిల్లీ వెళ్లాలి. ఎంతమంది వెళ్లగలరు? ట్రిబ్యునళ్ల పేరుతో హైకోర్టు దారి మూయడం చెల్లదని 1993లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఫుల్ బెంచ్ చెప్పింది. 1997లో ఎల్. చంద్రకుమార్ కేసులో సుప్రీంకోర్టు ఏడుగురి ధర్మాసనం దేశమంతటికీ అదే చెప్పింది. హైకోర్టుల న్యాయ సమీక్షాధికారం మౌలిక స్వరూపంలో భాగమని ఈ తీర్పుతో స్థిరపడింది. ఢిల్లీకి రైలు టికెట్ కొనలేని మనిషికి హక్కు అందుబాటులోకి వచ్చిన రోజుగా నేను ఆ తీర్పును గుర్తుపెట్టుకున్నాను.

పరీక్షలో ఈ ప్రశ్న వస్తే, నిర్వచనం రెండు వాక్యాల్లో ముగించి, మిగతా చోటు ఇలాంటి ఒక కేసుకు ఇవ్వండి. దిద్దేవాళ్లు నిర్వచనాలు వేల సార్లు చదివి ఉంటారు. ఇంకొక పని కూడా చేయండి, పది నిమిషాలు చాలు. కేంద్ర న్యాయశాఖ ప్రచురించే రాజ్యాంగం ప్రతిలో 371-డి తెరవండి. అయిదో క్లాజు ఇంకా అక్కడే ఉంటుంది, రాష్ట్ర ప్రభుత్వం తీర్పును మార్చవచ్చు, రద్దు చేయవచ్చు అన్న మాటలతో సహా. దాన్ని ఎవరూ చెరిపేయలేదు. పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఒక పాదసూచిక ఉంటుంది: పి. సాంబమూర్తి కేసులో సుప్రీంకోర్టు ఈ క్లాజు చెల్లదని ప్రకటించింది అని. ముందు పైన ఉన్నది చదవండి, తర్వాత కిందికి రండి.